డబ్బా మీది అంకెలు

నాకు అంకెలంటే భయం లేదు. ఏలూరులో ఒక తివాచీల వర్తకుని కొట్లో ముప్పయినాలుగేళ్లు పద్దులు రాసినవాణ్ణి. గజాలూ, అంగుళాలూ, వున్ని తూకాలూ, నేతగాళ్ల అడ్వాన్సులూ - వీటి మధ్యనే నా జుట్టు నెరిసింది. సాయంత్రం పద్దులో పది పైసలు తేడా వస్తే రాత్రి భోజనం సయించేది కాదు. అటువంటి నన్ను జానెడు అట్టడబ్బా ఒకటి బోల్తా కొట్టించింది. బోల్తా కొట్టించిందనడం కూడా న్యాయం కాదు. దాని మానాన అది అలమారులో కూర్చుంటే నేనే వెళ్లి దాని ముందు బోల్తా పడ్డాను.

మా పెద్ద మనవరాలు తాడేపల్లిగూడెంలో యింజనీరింగు చదువుతూ వుండేది. పొద్దున్నే ఏలూరు స్టేషనులో బండి ఎక్కడం, దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటి గూడెంలో దిగడం, సాయంత్రం మళ్లీ అదే దారిన రావడం. 2023 దసరాకి నా దగ్గర కూర్చుని, "తాతయ్యా, మన కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేయించాలి. చదువుకి కావాలి" అంది. దాని తమ్ముడు వెంటనే, "ఆటలకి కూడా" అన్నాడు. నేను మహారాజులా, "దానికేం భాగ్యం! నేను తెస్తాను" అన్నాను. పిల్ల ఏదో చెప్పబోయింది. "నాకు తెలుసులేవే, లెక్కల మనిషిని" అన్నాను.

దుకాణంలో రెండు డబ్బాలు చూపించారు. ఒకదాని మీద పెద్ద అక్షరాలతో 2 జి.బి. అని వుంది. రెండోదాని మీద యింకా పెద్ద అక్షరాలతో 4 జి.బి. అని వుంది. ధరలో తేడా కొంచెమే. నాలుగు రెండుకి రెట్టింపు అన్న సంగతి తెలియడానికి కంప్యూటరు చదవాలా ఏమిటి? నాలుగుదే కొన్నాను. అది ఏ కంపెనీదో, ఏ దుకాణంలోదో చెప్పను. తప్పు వాళ్లది కాదు. డబ్బా ముందువైపు వున్నదంతా నిజమే. నేను చదవనిదల్లా వెనకవైపు వున్నది.

పిల్ల దాన్ని బిగించుకుంది. రెండు రోజులు పోయాక, "ఎలా వుందే?" అని అడిగాను. "బాగుంది తాతయ్యా" అంది. నేను సంతోషించి, ఆ సంగతి వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను.

అక్కణ్ణించి పిల్ల యింటికి ఆలస్యంగా రావడం మొదలు పెట్టింది. ఆరింటికి వచ్చేది ఏడున్నరకీ, ఏడున్నరకి వచ్చేది తొమ్మిదిన్నరకీ. "లాబులో పని వుంది" అనేది. మా ఆవిడ వీధిగుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. బండి లేటయిన రోజున కూర్చోవడం మానేసి నిలబడేది. ఒక రాత్రి నేనే స్టేషనుకి వెళ్లాను. పది కావస్తూంటే దిగింది, భుజాన సంచీ, మొహాన అలసట. ఆటోలో ఎంత అడిగినా, "పరీక్షలు దగ్గర పడ్డాయి గదా" అనడమే గాని మరో మాట చెప్పలేదు. చెప్పింది దాని తమ్ముడు, అన్నం దగ్గర నోరు జారి.

"యింట్లో కార్డు మీద అక్క పని నడవదు తాతయ్యా. అది వట్టి నత్త. అందుకే లాబులో మిషను ఖాళీ అయిందాకా కూర్చుని చేసుకుంటోంది. నీకు చెప్పొద్దంది."

నాకు ఆ పూట అన్నం సయించలేదు. పది పైసలు తేడా కాదు యిది. డబ్బు పోతే పోయింది. ఆడపిల్ల చలికాలంలో రాత్రి పది గంటలకి ప్లాటుఫారం మీద నిలబడవలసి వచ్చింది, తాత మనస్సు నొచ్చుకుంటుందని! మర్నాడు ఆదివారం. పద్దు పుస్తకం ఒకటి తీసి దాని ముందు కూర్చుని, "అమ్మాయీ, నాకు మొదటి నించీ చెప్పు. యీసారి తెలుసుకుని కొంటాను" అన్నాను.

అది నా మొహంలోకి చూసి, "తంగెళ్లమూడి తివాచీ మగ్గం గుర్తుందా తాతయ్యా?" అంది. గుర్తుండకేం?

మగ్గం ముందు పలక మీద నేతగాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. నమూనా చెప్పేవాడు రంగు చెబుతూంటే, ఎవరి జాగాలో వాళ్లు ముడి వేసుకుంటూ పోతారు. ఒక్కొక్క ముడీ చిన్న పని. కాని అందరూ ఒకేసారి వేస్తారు కనక వరస గబగబా లేస్తుంది. కంప్యూటరులో వుండే అసలు బుర్ర నమూనా చెప్పే పెద్దమనిషి అట. గ్రాఫిక్స్ కార్డు ఆ పలక మీది నేతగాళ్ల దండు అట. వేలమంది చిన్న చిన్న పనివాళ్లు, తలకొక చుక్క చొప్పున రంగు అద్దుతారు.

ఎన్ని చుక్కలో లెక్క కట్టాను. మా యింట్లో వున్నటువంటి తెరకి అడ్డం 1920 చుక్కలు, నిలువు 1080. వెరసి 20,73,600. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడుగు తివాచీకి చదరపు అంగుళానికి 60 ముళ్లు అనుకుంటే 4,66,560 ముళ్లు పడతాయి. అంటే తెర మీది ఒక్క బొమ్మ యించుమించు నాలుగున్నర తివాచీలు! ఆట ఆడే కుర్రాడికి సెకనుకి అటువంటి బొమ్మలు అరవై కావాలి. సెకనుకి రెండువందల అరవై పైచిలుకు తివాచీలు నేసి, మరుక్షణం విప్పేసి, మళ్లీ నెయ్యాలన్నమాట. మా కొట్టు యజమాని వింటే మూర్ఛపోయేవాడు.

"మరి ఆ 4 జి.బి. ఏమిటే?" అన్నాను.

"అది నేతగాళ్ల పక్కన వుండే వున్ని కొట్టు, తాతయ్యా. కొట్టు పెద్దదే. కాని కొట్టు నించి మగ్గానికి వున్ని అందించే దారి సందుగొంది. నేతగాళ్లు కూడా పదిమందే. కొట్టు నిండా వున్ని వుంటే మాత్రం వరస లేస్తుందా?"

అంతే సంగతులు. నేను గోదాము కొలిచి, మగ్గం కొన్నాననుకున్నాను.

ఆ దారికి వాళ్ల భాషలో బాండ్‌విడ్త్ అని పేరు. దాన్ని కట్టే లెక్క ఎవరికైనా వస్తుంది. దారి వెడల్పు బిట్లలో చెబుతారు. దాన్ని ఎనిమిదితో భాగించి, జ్ఞాపకం వేగంతో హెచ్చవేస్తే సెకనుకి ఎన్ని జి.బి.ల సరుకు నడుస్తుందో వస్తుంది. ఎన్‌విడియా కంపెనీ జి.టి. 1030 అని ఒక చిన్న కార్డు 2017లో తెచ్చింది. దారి వెడల్పు 64 బిట్లు, వేగం 6. సెకనుకి 48 జి.బి. మర్నాటి సంవత్సరం అదే పేరుతో మరో రకం జ్ఞాపకం పెట్టిన కార్డు వచ్చింది. వెడల్పు అంతే, పేరు అంతే, జి.బి.లు అంతే. వేగం మాత్రం 2.1. లెక్క వేస్తే 16.8. మూడోవంతుకి కాస్త పైన! పేరు చూసి కొన్నవాడు నాబోటివాడే. లోకంలో నేను ఒక్కణ్ణే కాదని కొంచెం ధైర్యం వచ్చింది.

అక్కణ్ణించి నాకు దీని మీద పిచ్చి పట్టిందంటే నమ్మండి. మా ఆవిడ భాగవతం చదువుకుంటూ వుంటే నేను కార్డుల జాతకాలు చదువుకునేవాణ్ణి. యీ వ్యాపారంలో పేరు ఒకటి, సరుకు ఒకటి అయిన సందర్భాలు చాలా వున్నాయి. 2016లో వచ్చిన జి.టి.ఎక్స్. 1060 లో 6 జి.బి. రకానికి నేతగాళ్లు 1280 మంది, 3 జి.బి. రకానికి 1152 మంది. కొట్టులోనే తేడా అనుకుని చిన్నది కొన్నవాడికి, తెలియకుండా నేతగాళ్లు కూడా తగ్గారు. 2014లో వచ్చిన జి.టి.ఎక్స్. 970 కి 4 జి.బి. అన్నారు. 2015 జనవరిలో తేలిందేమంటే, మూడున్నర వరకు దారి బాగుంది, ఆఖరి అరకి వెళ్లేసరికి నడక మందగిస్తుంది. అమెరికాలో జనం కోర్టుకెక్కితే, 2016లో కార్డుకి ముప్పయి డాలర్ల చొప్పున యివ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. 2022లో ఆర్.టి.ఎక్స్. 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించారు. ఒకదానికి 9728 మంది, రెండోదానికి 7680 మంది. యిదేం న్యాయమని జనం గోలపెట్టేసరికి అమ్మకానికి రాకముందే అక్టోబరులో చిన్నదాన్ని వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో అదే పిల్ల 4070 టి.ఐ. అని వేరే పేరుతో కాపురానికి వచ్చింది.

గూడెం మార్కెట్టులో ఉల్లిపాయలు కొనేవాడు బస్తా మీది ముద్ర చూసి బేరం ఆడడు. చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగున వున్న పాయ పైకి తీసి చూస్తాడు. యీ సరుక్కీ అదే మార్గం.

మన గోదావరి సీమకి యీ వ్యాపారంతో చుట్టరికం వుందని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. గూడెం దాటి అదే రైలుదారిన వెడితే గోదావరి యివతలి గట్టున కొవ్వూరు. అక్కడ పుట్టిన కోడూరి రాజాగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో యింజనీరింగూ, ఖరగ్‌పూరులో పైచదువూ చదివి, అమెరికాలో గ్రాఫిక్స్ రంగానికి పెద్ద తలకాయల్లో ఒకరైనారు. ఎ.టి.ఐ.లో, ఆపిల్‌లో, ఎ.ఎం.డి.లో పనిచేసి 2017లో యింటెల్ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో తయారైన ఆర్క్ కార్డులు 2022లో బజారుకి వచ్చాయి. ఆయన 2023లో ఆ కంపెనీ వదిలారు.

మన ఊళ్లవాడు గదా అని ఆ ఆర్క్ ఎ770 జాతకం ముందు చూశాను. కాగితం మీద దివ్యంగా వుంది. దారి వెడల్పు 256 బిట్లు, సెకనుకి 560 జి.బి. సరుకు, కొట్టు 16 జి.బి.ల వరకూ. ఎన్‌విడియా 3060 దాని పక్కన చిన్నపిల్ల. తీరా ఆటలో దింపితే, వచ్చిన కొత్తలో చాలా ఆటల్లో యిద్దరూ యించుమించు సరిసమానం. పాత ఆటల్లో ఆర్కే వెనకబడింది. కారణం యినుములో లేదు, దాన్ని నడిపే ప్రోగ్రాములో వుంది. దాన్ని డ్రైవరు అంటారు. కొత్త బండికి డ్రైవరు కూడా కొత్తవాడైతే పాత రోడ్ల మీద తడబడతాడు మరి. తరవాత తరవాత ఆ డ్రైవర్లను సరిదిద్దుతూ వచ్చేసరికి అదే కార్డు పాత ఆటల్లో కూడా పుంజుకుంది. వస్తువు మారకుండా పనితనం మారడం నేను యిక్కడే చూశాను. అయితే ఆ కార్డు సరిగా పనిచెయ్యాలంటే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం వుండాలి. మా పెట్టె పాతది, అందులో ఆ సదుపాయం లేదు. అభిమానం వేరు, అవసరం వేరు. పద్దులో ఆ పేరు కొట్టేశాను.

2024 వేసవికి నా ఫిక్స్‌డు డిపాజిటు ఒకటి చేతికి వచ్చింది. కార్డుకి ముప్పయి వేలు దాటకూడదని గిరి గీసుకున్నాం. ఆ గిరిలో యిద్దరు మిగిలారు. ఎన్‌విడియా 3060, 12 జి.బి. రకం, అదే కంపెనీ 4060, 8 జి.బి. రకం. మొదటిది 2021లో పుట్టింది, రెండోది 2023లో. పిల్ల పాతది కావాలంది. పిల్లవాడు కొత్తది కావాలన్నాడు. "కొత్తది వుండగా పాతది ఎవరు కొంటారు తాతయ్యా?" అని వాడి వాదన.

పద్దు పుస్తకంలో రెండు నిలువు గీతలు గీసి యిద్దరి జాతకాలూ రాశాను. నేతగాళ్లు: పాతదానికి 3584, కొత్తదానికి 3072. కొట్టు: 12, 8. దారి వెడల్పు: 192, 128. సరుకు రవాణా: 360, 272. నాలుగు పద్దుల్లోనూ పాతదే మిన్న. "యింకేం, పాతదే గొప్ప" అన్నాను.

"అయితే మళ్లీ డబ్బా ముందువైపే చదువుతున్నావన్నమాట" అని నవ్వింది పిల్ల. అది పాతదే కావాలంటూ కూడా, న్యాయానికి కొత్తదాని తరఫున వాదించింది. నేతగాళ్లు ఎంతమందో చూస్తే చాలదు, ఎంత చురుకో చూడాలి. పాతదానిలో చెయ్యి ఆడే వేగం 1777 మెగాహెర్ట్‌జ్, కొత్తదానిలో 2460. తలలను వేగంతో హెచ్చవేశాను. పాతదానికి అరవైమూడున్నర లక్షల పైన, కొత్తదానికి డెబ్బైఅయిదున్నర లక్షలు. తక్కువమంది కలిసి నూటికి పద్దెనిమిది వంతులు ఎక్కువ పని చేస్తున్నారు! దారి యిరుకే గాని, కొత్తదానికి నేతగాడి వొళ్లోనే చిన్న బుట్ట వుంది, 24 ఎం.బి. పాతదానికి ఆ బుట్ట 3 ఎం.బి.లే. వొళ్లో వున్ని వున్నవాడు మాటిమాటికి కొట్టుకి పరుగెత్తనక్కర లేదు. పైగా కొత్తది తాగే కరెంటు 115 వాట్లు, పాతది 170. రోజుకి నాలుగు గంటల చొప్పున నెలకి ఆరున్నర యూనిట్లు తేడా.

ఒక కంపెనీ నేతగాళ్లను మరో కంపెనీ నేతగాళ్లతో పోల్చడం అసలే కూడదట. ఎ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 7600 లో పనివాళ్లు 2048 మందే. అంతమాత్రాన అది 4060 లో మూడింట రెండు వంతులు కాదు. వాళ్ల మగ్గం తీరే వేరు, లెక్కపెట్టే పద్ధతే వేరు.

కాగితం సంగతి తేలింది. యిక చెయ్యి పెట్టి చూడాలి. గూడెంలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడు పిల్లకి తెలుసు. వాడి దగ్గర బాగుచెయ్యడానికి వచ్చిన పెట్టెల్లో యీ రెండు కార్డులూ వున్నాయి. ఆ యజమానుల్ని అడిగి ఒప్పించాడు. ఒక ఆదివారం పద్దు పుస్తకం చంకన పెట్టుకుని, మనవడినీ మనవరాలినీ వెంటబెట్టుకుని రైలెక్కాను.

"రండి తాతగారూ, కూర్చోండి. కార్డులు మారుస్తాను గాని పెట్టె మార్చనండీ. అప్పుడే పందెం న్యాయంగా వుంటుంది" అన్నాడా కుర్రాడు. వాడి మాట నాకు నచ్చింది. అదే పెట్టె, అదే ఆట, ఆటలో అదే వీధి, అవే హంగులు. ఒక్కొక్క కార్డుకి నాలుగేసి సార్లు పరుగు. మొదటి పరుగు లెక్కలోకి తీసుకోలేదు, వొళ్లు వెచ్చబడడానికి వదిలేశాం. మిగిలిన మూడింటికీ సగటు కట్టాను. పాతదానికి సెకనుకి 78 బొమ్మలు, కొత్తదానికి 92. నా హెచ్చవేతలో వచ్చిన పద్దెనిమిది వంతులే సరిగ్గా! మా చిన్నవాడు ఎగిరి గంతేశాడు.

"సగటుతోనే తృప్తిపడకండి తాతగారూ" అన్నాడు కుర్రాడు. సగటు లోతు మోకాలి బంటి అని లెక్క కట్టి ఏట్లోకి దింపిన లెక్కల మేష్టారి కథ మనందరం విన్నదే. కొల్లేటిలో దిగినవాడికి సగటు అక్కర లేదు, గుంట ఎక్కడుందో కావాలి. ఆటలోనూ అంతే. నూటికి ఒక వంతు మరీ నెమ్మదిగా వచ్చిన బొమ్మలు ఏ వేగాన వచ్చాయో విడిగా చూస్తారు. తొంభై సగటు వున్నా మధ్య మధ్య యిరవైకి పడిపోయే కార్డు కంటె, డెబ్బై దగ్గర నిలకడగా నడిచే కార్డు కంటికి సుఖం. మా యిద్దరూ ఆ పరీక్షలో గట్టెక్కారు.

కంపెనీలు చూపించే పటాల్లో యింకో గారడీ వుంది. నిజంగా గీసిన రెండు బొమ్మల మధ్య ఊహించి గీసిన బొమ్మలు యిరికించి వాటినీ లెక్కలో కలుపుతారు. 2025 జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ గారు, 549 డాలర్ల 5070 కార్డు 4090 తో సమానమని సభలో చెప్పారు. 5070 లో 6144 మంది, 4090 లో 16,384 మంది. ఆ సమానత్వం అంతా ఊహాచిత్రాల చలవే. ఊహించిన బొమ్మ కంటికి నునుపుగా వుండవచ్చు గాని, మీట నొక్కిన వేలికి జవాబు త్వరగా రాదు. కనక రెండు కార్డుల్ని పోల్చేటప్పుడు ఆ సదుపాయం రెండింటికీ వుండాలి, లేదా రెండింటికీ తీసెయ్యాలి.

తరవాత పిల్ల వంతు వచ్చింది. దాని చదువు సంగతి అప్పటికి గాని నాకు పూర్తిగా బోధపడలేదు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గుంపులు గుంపులుగా గూళ్లు పెడతాయి. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆ పిట్టల్ని మనుషులు కంటితో చూసి లెక్కపెట్టాలి. పిల్లా, దాని స్నేహితురాళ్లూ పడవలో వెళ్లి ఫొటోలు తీసుకుని, వాటిల్లో గూడబాతు ఏదో, ఎర్రకాళ్ల కొంగ ఏదో కంప్యూటరుకి నేర్పి, లెక్క దానిచేత చేయించాలని చూస్తున్నారు. యీ నేర్పడం అనే పని కూడా నేతగాళ్ల దండే చెయ్యాలట.

4060 పెట్టి పదహారేసి ఫొటోలు ఒకేసారి యిచ్చింది. కాసేపటికి కొట్టు నిండిపోయిందని చెప్పి ఆగిపోయింది. ఎనిమిదేసి యిస్తే నడిచింది. 3060 పెడితే పదహారూ నడిచాయి.

"ఎనిమిదేసి యిచ్చుకోవచ్చు గదే?" అన్నాను, పిల్లవాడి మొహం చూసి.

"యిచ్చుకోవచ్చు తాతయ్యా. లేకపోతే ఫొటోలు కుదించుకోవచ్చు. కాని దూరపు చెట్టు మీది గూడబాతు అసలే గోరంత. కుదిస్తే చుక్కయిపోతుంది. అది పిట్టో, ఎండుటాకో చెప్పడం మిషనుకే కాదు, నాకూ రాదు. ముందు ముందు యింకా పెద్ద ఫొటోలు పెట్టాలి. కొట్టు చాలకపోతే మళ్లీ లాబుకే."

'మళ్లీ లాబుకే' అన్న మాట దగ్గర నాకు ప్లాటుఫారం కళ్లకి కట్టింది. అయినా పిల్లవాడికి అన్యాయం చెయ్యకూడదు గదా. పద్దు పుస్తకం ముందేసుకుని ఆలోచిస్తూంటే ఒక సంగతి తట్టింది.

"అబ్బాయ్, మన యింట్లో తెర సెకనుకి ఎన్ని బొమ్మలు చూపిస్తుంది?" అని అడిగాను రిపేరు కుర్రాణ్ణి. మోడలు పేరు చెబితే వెతికి చూసి, "అరవయ్యేనండి" అన్నాడు.

"పాత కార్డు 78 గీస్తుంది, కొత్తది 92 గీస్తుంది. తెర చూపించేది 60. మిగిలినవి ఏమవుతాయి?"

"కంటిదాకా రావండీ తాతగారూ" అని నవ్వాడు కుర్రాడు. మా చిన్నవాడు కాసేపు లెక్క చూసుకుని, తప్పు దొరక్క, "సరే, అయితే సాయంత్రం ఏడు దాటాక కార్డు నాది" అని రాజీకి వచ్చాడు. అక్క ఒప్పుకుంది. ఆ బేరం పద్దు పుస్తకంలో నేనే రాసి యిద్దరిచేతా సంతకాలు పెట్టించాను.

3060 కొన్నాం. దానికి 550 వాట్ల విద్యుత్ సరఫరా పెట్టె వుండాలని తయారీదారు చెప్పాడు. మాది అంతకంటె చిన్నది కనక అదీ మార్చాం. ఆ ఖర్చు ఏ కార్డు డబ్బా మీదా వుండదు. ముందే లెక్కలో వేసుకోవాలి. మరో సంగతి. ఆ పరీక్ష జరిగింది ఎ.సి. గదిలో. మా కంప్యూటరు వుండేది మేడ మీద రేకుల గదిలో. కార్డుకి వొళ్లు కాగితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. మే నెలలో ఏలూరు ఎండ మనుషులకే భరించరానిది. కనక కంప్యూటరుని కిందికి దింపి మా మంచం పక్కన కిటికీ దగ్గర పెట్టించాను. దాని ఫాను హోరు మధ్య నాకు నిద్ర పట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ సంవత్సరమంతా పిల్ల ఆరింటి బండికే వచ్చింది. వచ్చి, కాళ్లు కడుక్కుని, గూడబాతుల ముందు కూర్చునేది. మా ఆవిడ వీధిగుమ్మంలో కుర్చీ లోపలికి తెచ్చి పిల్ల వెనకాల వేసుకుని, "అదిగో, ఆ కొమ్మ మీది పిట్ట మీ మిషను లెక్కలో పడలేదే" అని తప్పులు పట్టేది. ఆవిడ పట్టిన తప్పుల్లో సగం నిజమే. 2025లో పిల్ల చదువు పూర్తయింది.

నేను మొదట కొన్న కార్డు ఏమైందని అడుగుతారేమో. పారెయ్యలేదు. నా పాత కంప్యూటరులో దాన్ని పెట్టించుకున్నాను. పాత సినిమాలు చూస్తాను, ఉత్తరాలు రాస్తాను. యీ వ్యాసం దాని మీదనే రాశాను. నా పనికి అది చాలు, యింకా మిగులుతుంది కూడా. నిరుడు ఒకరోజు పిల్ల నా భుజం మీదుగా చూసి, "చూశావా తాతయ్యా, బాగుందని నేను అప్పుడే చెప్పాను" అంది.

"ఎవరి పనికి బాగుందో చెప్పలేదు గదే" అన్నాను.

యిద్దరం నవ్వుకున్నాం. కాని ఒక్కమాట దానిచేత ఒప్పించుకున్నాను. యీ యింట్లో నేను తెచ్చిన వస్తువు ఏది పనిచెయ్యకపోయినా, ఆ రోజే నా మొహం మీద చెప్పాలి. నా మనస్సు నొచ్చుకుంటే ఒక పూట అన్నం సయించదు, అంతేగా. రాత్రి పది గంటల బండి కంటె అది ఎంతో నయం.